పప్పుజాతి పచ్చికల ప్రయోగ మళ్ళు: గెలిచింది విత్తనమా, నేలా?

ఒకే సంచిలోని విత్తనం. సగం ఇసుక నేలలో చల్లారు, సగం బంకమట్టి నేలలో చల్లారు. మూడు నెలల తర్వాత వెళ్ళి చూస్తే ఒకచోట మోకాలెత్తు పచ్చిక, ఇంకోచోట అరచేతి ఎత్తు కూడా దాటని పాలిపోయి పసుపు రంగుకు తిరిగిన మొక్కలు. చూసినవాళ్ళ నోట చటుక్కున వచ్చే మాట: "ఈ రకం ఆ నేలకు పనికిరాదు." రిపోర్టులోకి కూడా అదే ఎక్కుతుంది, మరుసటి ఏడాది ఆ రకం జాబితాలోంచి తప్పుకుంటుంది.

అలా తీర్పు చెప్పేముందు చేయాల్సిన పని ఒకటుంది. పసుపుబారిన మొక్క చుట్టూ పారతో జానెడు లోతు తవ్వి, మట్టిగడ్డతో సహా పైకి తీయాలి. పట్టుకుని లాగితే లాభం లేదు. వేరు మాత్రమే చేతికొస్తుంది, దాని బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. గడ్డను బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి మట్టిని మెల్లగా వదిలిస్తే వేరు మీద సన్నటి పూసల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగో, ఎరుపో ఉంటే గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా పనిచేస్తున్నట్టే. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గర చుట్టం. తెల్లగా ఉంటే బాక్టీరియా ఇల్లు కట్టుకుంది గానీ అద్దె కట్టడం లేదు. అసలు బుడిపెలే లేకపోతే ఆ మడిలో పరీక్షించింది పప్పుజాతి మొక్కను కాదు, నత్రజని అందక పస్తులున్న ఒక మామూలు మొక్కను.

పప్పుజాతి పచ్చికల క్షేత్ర ప్రయోగాలు చదవడంలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ధాన్యం పంట ప్రయోగంలో రకం, నేల, వాతావరణం ఈ మూడూ ఉంటాయి. పచ్చిక ప్రయోగంలో వాటికి తోడు కంటికి కనబడని బాక్టీరియా, రాలి నేలలో పడుకునే గింజ, పైనుంచి కొరికే పశువు కూడా ఉంటాయి. పట్టికలో మాత్రం రకం పేరు ఒక్కటే ఉంటుంది. గెలుపైనా ఓటమైనా మొత్తం దాని ఖాతాలోనే పడుతుంది.

బాక్టీరియా చెప్పే తీర్పు

ఈ మొక్కల వేరు బుడిపెలే గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయని 1880ల చివర్లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే ఇద్దరు తేల్చారు. 1888లో బైజరింక్ ఆ బాక్టీరియాను వేరుచేశాడు. వీటన్నిటినీ కలిపి రైజోబియా అంటాం గానీ అన్నీ ఒకటి కావు. పప్పుజాతి మొక్కల్లో మెడిక్, లూసర్న్‌ల వేళ్ళలో కాపురముండేది ఒక జాతి, క్లోవర్లలో ఉండేది ఇంకొకటి, సెర్రడెల్లా, లూపిన్‌లకు మరొకటి. క్లోవర్లలోనే మళ్ళీ పేచీలున్నాయి. కాకేసియన్ క్లోవర్‌కు దానికంటూ ప్రత్యేకమైన రైజోబియం గింజకు పట్టించాలి, తెల్ల క్లోవర్‌కు వాడేది దానికి పనిచేయదు.

ఇప్పుడు నేల సంగతి. ఆమ్లం ఎక్కువున్న నేలలో మెడిక్ విఫలమైందంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మొక్కే ఆ ఆమ్లాన్ని తట్టుకోలేకపోవడం. రెండోది, మొక్క తట్టుకున్నా దాని బాక్టీరియా తట్టుకోలేకపోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మెడిక్ విషయంలో అసలు బలహీనత చాలావరకు బాక్టీరియాదే. 1980లలో జాన్ హోవీసన్ వంటి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇటలీలోని సార్డీనియా దీవిలో, ఆమ్ల నేలల్లో సహజంగా పెరుగుతున్న మెడిక్ మొక్కల వేళ్ళనుంచి బాక్టీరియాను సేకరించి తెచ్చారు. దాన్ని పట్టించాక పశ్చిమ ఆస్ట్రేలియాలో అంతకుముందు మెడిక్‌కు పనికిరావనుకున్న ఆమ్ల నేలల్లో కూడా కొన్ని మెడిక్‌లు నిలదొక్కుకున్నాయి. మారింది ముఖ్యంగా గింజకు పట్టించిన కల్చర్, అంటే పెంచిన బాక్టీరియా. అంతకుముందు ఎన్ని మళ్ళల్లో మెడిక్ "ఫెయిల్" అని రాసుకున్నారో!

అందుకే మంచి ప్రయోగంలో ఒక్కో రకాన్ని మూడు విధాలుగా వేస్తారు: కల్చర్ పట్టించకుండా ఒకటి, పట్టించి ఒకటి, కల్చర్ బదులు నత్రజని ఎరువు వేసి ఒకటి. ఎరువు మడి పచ్చగా ఉండి కల్చర్ మడి పసుపుగా ఉంటే లోపం బాక్టీరియాలోనో, దానికీ నేలకూ ఉన్న పొత్తులోనో ఉంది. మూడూ పసుపుగానే ఉంటే బాక్టీరియాను తిట్టి లాభం లేదు, నేలలో ఇంకేదో అడ్డుంది. కల్చర్ లేని మడి కూడా మిగతా రెండిటితో సమానంగా పచ్చగా ఉంటే రెండు అర్థాలున్నాయి. నేలలో ముందే తగిన బాక్టీరియా ఉండొచ్చు, లేదా నేలలోనే నత్రజని దండిగా ఉండొచ్చు. రెండోదైతే జాగ్రత్త. నత్రజని చేతికందుతుంటే ఈ మొక్కలు కష్టపడవు, నేలలోంచే తీసుకుంటాయి. మేత బాగా వస్తుంది గానీ నేలకు తిరిగొచ్చేది తక్కువ. మామూలు లెక్క ప్రకారం ఒక టన్ను ఎండుమేతకు సుమారు 20 నుంచి 25 కిలోల నత్రజని గాలినుంచి వస్తుంది. ఆ లెక్క బుడిపెలు సరిగ్గా పనిచేసిన చోటే పనికొస్తుంది. సారవంతమైన మడిలో టన్నులు తూచి, ఈ లెక్కతో గుణించి, "నేలకు ఇంత నత్రజని చేర్చింది" అని రాసే రిపోర్టులంటే నాకు నమ్మకం తక్కువ.

ఏ నేలకు ఏది?

ఇన్ని షరతులు చెప్పాక కూడా నేలలవారీగా నిలిచిన నిజాలు ఉన్నాయి. చక్కటి ఉదాహరణ సబ్‌టెర్రేనియన్ క్లోవర్, వాడుకలో సబ్ క్లోవర్. మధ్యధరా ప్రాంతపు మొక్క, ఆస్ట్రేలియాకు ఎవరూ పనిగట్టుకుని తేకుండానే చేరింది. 1889లో దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ బార్కర్ దగ్గర ఆమోస్ హోవర్డ్ అనే ఆయన కంటపడింది. ఇది మేతకు పనికొచ్చే మొక్క అని పట్టుకుని, తర్వాతి కాలంలో దాని విత్తనాన్ని ప్రచారం చేసింది ఆయనే. ఇందులో మూడు ఉపజాతులున్నాయి. పేరు ఒకటే అయినా నేల విషయంలో వాటి అభిరుచులు పూర్తిగా వేరు. సబ్‌టెర్రేనియం అనే ఉపజాతికి నీరు నిలవని, ఆమ్లం నుంచి తటస్థం వరకు ఉండే నేల కావాలి. యానినికం నీరు నిలిచే నేలను తట్టుకుంటుంది, ట్రిక్కాలా రకం దీనిలోదే. బ్రాకీకాలిసినం తటస్థ, క్షార స్వభావమున్న, నెర్రెలిచ్చే బంకమట్టికి సరిపోతుంది, క్లేర్ రకం ఈ కోవలోది.

దీని వెనక ఒక చిన్న యంత్రాంగం ఉంది. పూత అయ్యాక సబ్ క్లోవర్ తన కాయలను వేరుశనగలా నేలలోకి గుచ్చుకుంటుంది. పైపొర గట్టిపడిన నేలలో గుచ్చడం కష్టం, గింజ సరిగ్గా తయారవదు. బ్రాకీకాలిసినం గుచ్చడంలో అంత గట్టిది కాదు, నెర్రెల్లోకి కాయలను జారవిడుస్తుంది. కాబట్టి నెర్రెలివ్వని గట్టి నేలలో దాన్ని పరీక్షిస్తే మొదటి ఏడాది మేత ఎంత బాగున్నా రెండో ఏడాదికి విత్తనం కరువవుతుంది. "నేల సరిపడలేదు" అన్న ఒక్క మాట వెనక ఇలాంటి భౌతిక కారణాలు చాలా ఉంటాయి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ఆమ్లంతో ఉన్న లోతైన ఇసుక నేలల్లో సెర్రడెల్లాకు సాటి తక్కువ. దాని వేళ్ళు లోతుకు దిగుతాయి, బాక్టీరియా కూడా ఆమ్లానికి జంకదు. లూసర్న్‌కు నీరు నిలవకూడదు, ఆమ్లమూ పడదు. నీరు నిలిచే చోట బాలన్సా క్లోవర్, నీటితో పాటు ఉప్పు కూడా ఉన్నచోట మెస్సినా నిలుస్తాయి. ఉష్ణమండల నేలల్లో స్టైలోలు ఆమ్లాన్నీ, భాస్వరం కొరతనూ ఓర్చుకుంటాయి. బరువైన బంకమట్టిలో శంఖుపుష్పం, డెస్మాంథస్ మేలు.

పీహెచ్ అనే అంకెతో తంటా

రిపోర్టులో నేల గురించి రాసే ఒకే ఒక్క అంకె చాలాసార్లు పీహెచ్, అంటే నేల ఆమ్ల, క్షార స్వభావాన్ని చెప్పే కొలత. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. అది కూడా ఎలా కొలిచారో చెప్పకుండా రాస్తారు. ఒకే మట్టిని నీళ్ళలో కలిపి కొలిస్తే ఒక అంకె, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కలిపి కొలిస్తే దానికంటే సుమారు అర నుంచి ఒకటి వరకు తక్కువ అంకె వస్తుంది. పీహెచ్‌లో ఒకటి తేడా అంటే ఆమ్లంలో పది రెట్ల తేడా. కాబట్టి ఒక రిపోర్టులో నీళ్ళలో కొలిచిన 5.5, మరో రిపోర్టులో ద్రావణంలో కొలిచిన 5.5 పక్కపక్కన పెట్టి పోల్చితే రెండు వేర్వేరు నేలలను ఒకటే అనుకున్నట్టు. ద్రావణంలో కొలిచిన పీహెచ్ దాదాపు 4.8 కిందికి దిగితే నేలలోని అల్యూమినియం కరిగి వేళ్ళను పొట్టిగా, మొద్దుగా మార్చేస్తుంది.

లోతు కూడా చెప్పాలి. పై 10 సెంటీమీటర్ల మట్టి మాత్రమే పరీక్షించి సున్నం వేశాక నేల బాగుపడిందనుకుంటారు. అడుగున 10 నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర ఆమ్లం అలాగే ఉండొచ్చు. వేరు అక్కడిదాకా వెళ్ళి ఆగిపోతుంది, వర్షం ముగిశాక మొక్క ముందుగా వాడిపోతుంది. పట్టికలో అది "కరువును తట్టుకోని రకం"గా మిగులుతుంది.

సున్నం మరో తమాషా కూడా చేస్తుంది. 1942లో ఎ. జె. ఆండర్సన్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఇనుపరాతి నేలల్లో సబ్ క్లోవర్ సరిగ్గా ఎదగకపోవడానికి కారణం మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం లోపమని చూపించాడు. బుడిపెల్లో నత్రజనిని పట్టే ఎంజైముకు ఆ మూలకం తప్పనిసరి. కావాల్సింది ఎంత? హెక్టారుకు కొన్ని పదుల గ్రాములు. పీహెచ్ పెరిగితే నేలలోని మాలిబ్డినం మొక్కకు ఎక్కువగా అందుతుంది. అంటే సున్నం వేసిన మడి పచ్చబడితే ఆమ్లం తగ్గినందుకే పచ్చబడిందా, మాలిబ్డినం అందినందుకా అన్నది సున్నం మడి ఒక్కదాన్ని చూసి చెప్పలేం. బస్తాలకొద్దీ సున్నం చేసిన పనే చిటికెడు లవణంతో జరిగేదేమో, దాన్ని వేసిన మడి పక్కన ఉంటేనే తెలుస్తుంది.

నాలుగు మళ్ళు వేస్తే నాలుగు నేలలు కావు

ప్రయోగ మళ్ళను చిట్టీలు తీసినట్టు యాదృచ్ఛికంగా అమర్చడం, బ్లాకులుగా విడదీయడం, రెప్లికేషన్లు వేయడం (ఒకే రకాన్ని పలు మళ్ళల్లో మళ్ళీ మళ్ళీ వేయడం) అనే పద్ధతి 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో చేరిన ఆర్. ఎ. ఫిషర్ చేతిలో స్థిరపడింది. వాలు పొలంలో పైన ఇసుక, కింద బంక ఉంటే ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఉండేలా చూస్తే ఏ ఒక్క రకానికీ మంచి నేల మొత్తం దక్కదు. ఇదంతా అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను.

తెలిసినట్టే ఉండి తప్పిపోయేది ఇంకొకటుంది. ఒక ఇసుక పొలంలో నాలుగు రెప్లికేషన్లు, ఒక బంకమట్టి పొలంలో నాలుగు రెప్లికేషన్లు వేశారనుకుందాం. రకాలను పోల్చడానికి ఇవి బాగానే ఉన్నాయి. నేలలను పోల్చడానికి మాత్రం మన దగ్గరున్నది ఒక్క ఇసుక పొలం, ఒక్క బంకమట్టి పొలం. ఎనిమిది ఉదాహరణలున్నట్టు కనబడుతుంది గానీ ఒక్కో నేలకు నిజంగా ఉన్నది ఒకటే. ఆ రెండు పొలాలకూ నేలతో పాటు వానలు వేరు, విత్తిన తేదీ వేరు, అంతకుముందు ఏమి పండించారో వేరు. బంకమట్టి పొలంలో గతేడాది వాడిన కలుపుమందు అవశేషం ఉందనుకోండి. మెడిక్‌లకు సల్ఫోనైల్ యూరియా మందులంటే ఎంత భయమో, వాటిని తట్టుకునే ఏంజెల్ అనే రకాన్ని ప్రత్యేకంగా తయారుచేయాల్సి వచ్చింది. అలాంటి పొలంలో మెడిక్ చతికిలబడితే నిందపడేది బంకమట్టి మీద.

సగటు లెక్క ఇంకో ఉచ్చు. ఊహకే చెప్తున్నా: ఒక రకం ఇసుకలో 5 టన్నులు, బంకలో 2 టన్నులు ఇచ్చింది. రెండో రకం ఇసుకలో 3, బంకలో 4. సగటు రెండింటికీ 3.5. సగటు కాలమ్ మాత్రమే చూసినవాడికి రెండూ సమానం. పొలం ఉన్నవాడికి మాత్రం ఒకటి అమృతం, ఇంకొకటి వృథా ఖర్చు. ఇలా నేలను బట్టి రకాల వరుస తారుమారైనప్పుడు సగటును కొట్టేసి, ఏ నేలకు ఆ వరుస విడిగా చూడడమే నయం.

ఎండుమేత అంకె వెనక ఉన్న పని కూడా ఓసారి చూడండి. ఒక్కో వైపు అర మీటరుండే చదరపు ఫ్రేమును మడిలో పడేసి, లోపలి మేతను కోసి, కలుపును చేత్తో ఏరేసి, ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూస్తారు. 80 గ్రాములు వచ్చిందంటే హెక్టారుకు 3.2 టన్నులు. ఫ్రేములో ఒక 10 గ్రాముల గడ్డి దుబ్బు ఏరకుండా మిగిలిపోతే హెక్టారుకు 400 కిలోలు అదనంగా లెక్కలోకి వస్తాయి. పట్టిక కింద "రకాల మధ్య తేడా 0.6 టన్నుల కన్నా తక్కువైతే లెక్కలోకి రాదు" అని రాసి ఉన్నా, పై రకం 0.3 ఎక్కువిచ్చిందని దానికే పెద్దపీట వేయడం చూస్తుంటాం.

మొదటి ఏడాది చెప్పేది తక్కువ

ఏకవార్షిక పచ్చికలను ఒకసారి విత్తి, వాటంతటవే మళ్ళీ మొలవాలని ఆశిస్తాం. కాబట్టి అసలు పరీక్ష రెండో ఏడాది వానలతో మొదలవుతుంది. మొదటి ఏడాది విత్తేది గింజ పెంకును గీరి, తేలిగ్గా మొలిచేలా చేసిన విత్తనం. మొక్క తనంతట తాను రాల్చిన గింజ అలా ఉండదు. దాని పెంకు నీటిని లోపలికి రానివ్వదు. వేసవిలో నేల పైపొర పగలు కాలిపోయి రాత్రి చల్లబడడం నెలల తరబడి సాగాక, ఆ పెంకులో ఒక్కో గింజకు ఒక్కోసారి దారి ఏర్పడుతుంది. నేల లోపల పడ్డ గింజకు ఈ ఎండాచలీ తగలదు కాబట్టి అది ఇంకా ఆలస్యంగా మెత్తబడుతుంది.

ఈ నానని గింజలే పచ్చికకు బీమా. తొలకరిలో ఒక వాన పడి, అన్ని గింజలూ మొలిచి, తర్వాత మూడు వారాలు వాన మొహం చాటేస్తే మొలిచినవన్నీ పోతాయి. అందులో గట్టి గింజ ఉన్న రకం తర్వాతి వానకు మళ్ళీ లేస్తుంది. కాడిజ్ అనే ఫ్రెంచ్ సెర్రడెల్లా రకం గింజ మెత్తన, దానికి ఈ బీమా ఉండదు. బైసెరుల అనే ఇంకో పప్పుజాతి పచ్చిక మరో కొసన ఉంటుంది. దాని గింజలు ఎంత గట్టివంటే మధ్యలో ఒకటి రెండేళ్ళు ధాన్యం పండించినా నేలలో కొన్ని మిగిలే ఉంటాయి. అయితే గట్టితనం ఎక్కువైనా ముప్పే, రెండో ఏడాది నేల ఖాళీగా ఉండి కలుపు ఆక్రమిస్తుంది. ఎంత గట్టితనం మంచిదన్నది ఆ పొలంలో పంటల వరుసను బట్టి ఉంటుంది, పట్టికను బట్టి కాదు.

నేనైతే ఏ రిపోర్టు చేతికొచ్చినా మొదట వెతికేది టన్నుల కాలమ్ కాదు, రెండో ఏడాది తొలివానకు చదరపు మీటరుకు ఎన్ని మొలకలు వచ్చాయన్నది. అది లేకపోతే ఆ ప్రయోగం సగంలో ఆగిందనే లెక్క.

కోసి తూచడం వేరు, మేపడం వేరు. నిటారుగా పెరిగే రకాలు కత్తిరింపు మళ్ళల్లో గెలుస్తాయి, పశువులు కొరికినప్పుడు నేలకు అంటుకుని పాకే రకాలు బతుకుతాయి. ఇంకా కొన్ని విషయాలు మేపితే తప్ప బయటపడవు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో సబ్ క్లోవర్ పచ్చిక మీద మేసిన గొర్రెలు గొడ్డుపోయాయి. కారణం ఆకుల్లోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం, గొర్రె కడుపులోకి వెళ్ళాక అది ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థంగా మారుతుంది. యార్లూప్ లాంటి పాత రకాల్లో అది ఎక్కువ. టన్నుల పట్టికలో దీని ఆనవాలు కూడా ఉండదు. అలాగే ఉత్తర ఆస్ట్రేలియాలో అల్లుకుపోయిన టౌన్స్‌విల్ స్టైలో 1970లలో ఆంత్రక్నోస్ తెగులుకు తుడిచిపెట్టుకుపోయింది. అంతకుముందు ప్రయోగాల్లో ఆ మొక్కకు వచ్చిన మార్కుల్లో తప్పేమీ లేదు, తెగులు అప్పటికి అక్కడికి చేరలేదు అంతే.

పాత తరం ప్రయోగమొకటి ఇంకా నడుస్తూనే ఉంది. రోథమ్‌స్టెడ్‌లోనే, ఫిషర్ రాకముందు 1856లో మొదలైన పార్క్ గ్రాస్ ప్రయోగం అది. ఒకే పచ్చిక బయలును మళ్ళుగా విడదీసి ఏళ్ళ తరబడి వేర్వేరు ఎరువులు వేస్తున్నారు. నత్రజని వేసిన మళ్ళల్లో పప్పుజాతి మొక్కలు వెనకబడ్డాయి, నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ వేసిన చోట పుంజుకున్నాయి. అక్కడ ఎవరూ కొత్త రకాలు నాటలేదు, నేలే ఏ మొక్కలు ఉండాలో ఎంచుకుంది.

బైసెరుల కథలో ఇంకో మలుపు ఉంది. ఆస్ట్రేలియాకు ఆ మొక్క కొత్త, దాని బాక్టీరియా కూడా కొత్తే. కాబట్టి విత్తనానికి బయటినుంచి తెచ్చిన కల్చర్ పట్టించి నాటారు. ఆరేళ్ళలోపే పశ్చిమ ఆస్ట్రేలియాలోని పొలాల్లో పరిశోధకులకు వింత బుడిపెలు దొరికాయి. వాటిలోని బాక్టీరియా కల్చర్‌లోది కాదు, స్థానిక నేలదే. కల్చర్ బాక్టీరియా నుంచి బుడిపె కట్టే జన్యువుల గుత్తి మొత్తాన్ని అందుకుని వేరులో స్థానం సంపాదించింది, నత్రజని పట్టడం మాత్రం కొన్నిటికి సరిగ్గా రాలేదు. అంటే అదే మడిలో, అదే రకం కింద, ఆరేళ్ళ తర్వాత పార పెట్టి తవ్వితే చేతికొచ్చే బుడిపెలు మొదటి ఏడాది చూసినవి కాకపోవచ్చు. వాటిని మళ్ళీ గోటితో చీల్చి రంగు చూడాల్సిందే.